తొందర ఎవరిది?

దసరా సెలవులకు ముందు మా మనవరాలు చదివే ఇంటర్ కాలేజీలో తల్లిదండ్రుల సమావేశం పెట్టారు. వాళ్ళ నాన్నకు ఆఫీసు, అమ్మకు బ్యాంకు. డిగ్రీ పిల్లలకు ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన తాతయ్య ఇంట్లో ఖాళీగానే ఉన్నాడు గనక నన్ను తోలారు. ర్యాంకుల సంగతి, ఫీజుల సంగతి అయ్యాక వ్యక్తిత్వ వికాసం బోధించే ఒకాయన మైకు అందుకున్నాడు. పిల్లల్ని సెల్‌ఫోన్లకూ ప్రేమలకూ దూరంగా ఉంచడం ఎలాగో చెబుతూ మధ్యలో రోమియో జూలియెట్‌ని ఎత్తుకున్నాడు. అమ్మాయికి పదమూడు, అబ్బాయికి పదిహేడు, పరిచయం మూడు రోజులు, శవాలు ఆరు. లోకం దీన్ని నాలుగొందల ఏళ్ళుగా ప్రేమంటోంది, నేనైతే హార్మోన్లంటాను, అన్నాడు. హాలంతా గొల్లుమంది. నా పక్క కుర్చీలో పెద్దమనిషి చప్పట్లు కొట్టి, "బాగా చెప్పాడండీ, కన్నవాళ్ళ మాట వినకపోతే అంతే మరి" అని నావైపు తిరిగి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయనొక్కడి మాటే అయితే ఇంత కాగితం ఖర్చుపెట్టను. చదువుకున్నవాళ్ళ నోట ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే మాట. ఒకప్పుడు అమర ప్రేమికులని నెత్తిన పెట్టుకున్నవాళ్ళనే ఇవాళ బుద్ధిలేని పిల్లలని తీసిపారేస్తే తెలివైనవాడి కింద లెక్క. వినడానికి కొత్తగా, ధైర్యంగా ఉంటుంది. నిజానికది నాటకం కన్నా పాత మాట. షేక్స్పియర్ పుట్టడానికి రెండేళ్ళ ముందే అచ్చయిన మాట. ఆయన చదివి, పక్కన పారేసిన మాట.

ముందు లెక్కలు సరిచూద్దాం. రోమియోకి పదిహేడేళ్ళని నాటకంలో ఎక్కడా లేదు. అతని వయసే చెప్పలేదు. ఎవరో ఒకరు అన్నారు, అందరూ పట్టుకున్నారు. మూడు రోజులన్నదీ తప్పే. ఆదివారం పొద్దున వీధి కొట్లాటతో మొదలైన కథ శుక్రవారం తెల్లవారుజామున సమాధి మందిరంలో ముగుస్తుంది. శవాల లెక్క ఒక్కటే సరిగ్గా ఉంది. రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, జూలియెట్ మేనమామ కొడుకు టిబాల్ట్, పారిస్, రోమియో, జూలియెట్, కొడుకుని ఊరి నుంచి వెళ్ళగొట్టారన్న దిగులుతో ప్రాణం విడిచిన రోమియో తల్లి. అయితే ఈ ఆరుగురిలో పగకి పోయినవాళ్ళెందరు, ప్రేమకి పోయినవాళ్ళెందరు అని విడదీసి లెక్క కట్టినవాణ్ణి నేనింకా చూడలేదు.

ఈ కథ షేక్స్పియర్ సొంతం కాదు. ఇటలీలో లుయీజీ దా పోర్తో 1530 ప్రాంతంలో దీన్ని వెరోనా నగరానికి అంటగట్టి రాశాడు. 1554లో బాందెల్లో మళ్ళీ చెప్పాడు. అది ఫ్రెంచిలోకి వెళ్ళింది, ఫ్రెంచి నుంచి ఆర్థర్ బ్రూక్ అనే కుర్ర కవి చేతిలో పడి 1562లో ఇంగ్లీషు పద్యకావ్యమైంది. షేక్స్పియర్ బల్ల మీద ఉన్నది ఈ పుస్తకమే. దానికి బ్రూక్ ఒక ముందుమాట రాశాడు. తగని కోరికకు దాసులై, తల్లిదండ్రుల అధికారాన్నీ హితుల సలహానీ కాదని, తాగుబోతు ముసలమ్మలతోనూ మూఢ సన్యాసులతోనూ మంతనాలు జరిపి, చావు కొనితెచ్చుకున్న జంట ఇదని అందులో హెచ్చరించాడు. మా మనవరాలి కాలేజీలో ఆ ఉపన్యాసకుడు చెప్పినదానికీ దీనికీ తేడా హార్మోన్లు ఒక్కటే. ఆ మరుసటి ఏడాదే ఓడ మునిగి బ్రూక్ చనిపోయాడు, పాపం. న్యాయంగా చెప్పుకోవాలంటే ముందుమాటలో ఉన్న కాఠిన్యం ఆయన కావ్యంలో లేదు. కథ చెబుతూ చెబుతూ ఆయన మనసు కూడా ఆ పిల్లలవైపే ఒరిగింది.

షేక్స్పియర్ ఆ ముందుమాటను తీసేశాడు. దాని చోట పద్నాలుగు పాదాల నాంది ఒకటి పెట్టాడు. అందులో మొట్టమొదట వచ్చేది ప్రేమికులు కారు, సమాన హోదా గల రెండు ఇళ్ళు, వాటి పాత పగ. పిల్లలు ఆ తర్వాత వస్తారు, ఆ ఇళ్ళ కడుపున పుట్టినవాళ్ళుగా. కన్నవాళ్ళ కక్షను మట్టి చెయ్యడానికి బిడ్డల చావు తప్ప మరొకటి చాలలేదని అక్కడే చెప్పేశాడు. తెర లేచాక కూడా ముందు కనిపించేది నౌకర్లే. యజమానుల పగను తమ పగ చేసుకుని, బొటనవేలు కొరికి ఎదుటివాణ్ణి కవ్వించే నౌకర్లు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గానీ, వెరోనాలో కందకీ ఉంది, కత్తిపీటకీ ఉంది, కూర తరిగేవాడికీ ఉంది. ఆ పగ ఎందుకు మొదలైందో నాటకం చివరిదాకా ఎవరూ చెప్పరు. ఒక పొల్లు మాట వల్ల మూడుసార్లు ఊరు అల్లకల్లోలమైందని ప్రభువు అంటాడు, అంతే. కారణమే లేని పగను హార్మోన్లని ఎవరూ అనరు. దాని పేరు వంశ ప్రతిష్ఠ.

ఇక వయసు. బ్రూక్ కావ్యంలో అమ్మాయికి పదహారు. 1567లో విలియం పెయింటర్ వచనంలో చెప్పిన కథలో పద్దెనిమిది. షేక్స్పియర్ దాన్ని పద్నాలుగు నిండని వయసుకు దించాడు. దించి ఊరుకోలేదు. దాది చేత అదే పనిగా చెప్పించాడు: పంటల పండుగ ముందురోజు రాత్రికి పిల్లకు పద్నాలుగు నిండుతాయట, భూకంపం వచ్చి పదకొండేళ్ళయిందట, పాలు మాన్పించింది ఆ రోజేనట. ఆ కాలపు ఇంగ్లండులో మామూలు ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఇరవై అయిదు దరిదాపుల్లో జరిగేవి. కనక లండన్ ప్రేక్షకులకు కూడా జూలియెట్ వయసు ముల్లులా గుచ్చుకునేదే. ఈ నాటకం 1595 ప్రాంతంలో రాశాడంటారు. అప్పటికి ఆయన పెద్ద కూతురు సుసానాకు పన్నెండేళ్ళు. ఇంట్లో ఆ ఈడు పిల్లను పెట్టుకున్న తండ్రి ఊరికే అంకె మార్చాడనుకోను.

పిల్ల వయసు తగ్గేకొద్దీ తప్పు ఎవరి మీదికి జరుగుతుంది? పద్దెనిమిదేళ్ళ అమ్మాయి అయితే నిర్ణయం నీదే కదా అనొచ్చు. పదమూడేళ్ళ పిల్ల అయితే చుట్టూ ఉన్న పెద్దలంతా ఏం చేస్తున్నారని అడగాలి. ఆ పెద్దలు పెళ్ళి బేరాలు చేస్తున్నారు. పారిస్ అనే ప్రభువుల చుట్టం, పెద్దమనిషి, ఇంతకన్నా చిన్నపిల్లలే హాయిగా తల్లులవుతున్నారని తండ్రితో అంటాడు. తల్లి కూతురితో, నీ ఈడుకి నేను నిన్ను కనేశాను అంటుంది. ఆ లెక్కన తల్లికి ముప్ఫై లేవు. తండ్రి ముఖానికి ముసుగేసుకుని విందుల్లో ఆడి పాతికేళ్ళయిందని ఆయనే ఒప్పుకుంటాడు. వీధి కొట్లాటలో కత్తి తెమ్మని కేకలేస్తే, కత్తెందుకు, చేతికర్ర తెచ్చుకో అని భార్య ఎద్దేవా చేస్తుంది. ఆ ఇంట్లో బాల్యవివాహం కొత్త కాదన్నమాట. మన కన్యాశుల్కం ఎరిగినవాడికి ఈ ఇల్లు బాగా పరిచయమైన ఇల్లే. రోమియో జూలియెట్ మొదటిసారి అచ్చయింది 1597లో, గురజాడ నాటకం అచ్చయింది 1897లో. సరిగ్గా మూడొందల ఏళ్ళు. అందులోని తండ్రి అగ్నిహోత్రావధాన్లకు డబ్బు కావాలి, జూలియెట్ తండ్రి కాపులెట్‌కు హోదా కావాలి. కోపం మాత్రం ఇద్దరిదీ ఒకే పొయ్యి మీద కాగింది.

పదమూడేళ్ళ పిల్ల రహస్యంగా రోమియోని చేసుకోవడం మాత్రం మంచిదా అంటే, ఇవాళ ఎవరూ మంచిదనరు, నేనూ అనను. కానీ "చిన్నపిల్లండీ" అనే మాట ముందు పారిస్‌తో అని, కాపులెట్‌తో అని, తర్వాత జూలియెట్ దగ్గరికి రావాలి. మన విమర్శకులు తిన్నగా ఆ పిల్ల దగ్గరికే వస్తారు.

ఇప్పుడు అసలు నేరారోపణ: తొందర. బ్రూక్ కథ దాదాపు తొమ్మిది నెలలు సాగుతుంది. క్రిస్మస్ విందులో చూసుకుంటారు, పెళ్ళయ్యాక నెలా రెండు నెలలు చాటుగా కాపురం చేస్తారు, ఈస్టరు నాటికి టిబాల్ట్ చస్తాడు. షేక్స్పియర్ దాన్ని అయిదు రోజులకు కుదించాడు. కుర్రకారు తొందరను చూపించడానికే ఈ కుదింపని పాఠ్యపుస్తకాల ధోరణి. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను, ఆ పాపం నాకూ ఉంది. ఒక ఏడాది క్లాసులో పిల్లల చేత రోజులవారీగా పట్టిక వేయించాను, ఏ రోజు ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నారో. పట్టిక పూర్తయ్యాక నేను చెప్పిన పాఠం నాకే సిగ్గేసింది.

ఆదివారం. కాపులెట్ పారిస్‌తో నిదానంగా మాట్లాడతాడు. పిల్ల ఇంకా చిన్నది, మరో రెండు వేసవులు గడవనీ, దాని మనసు గెలుచుకో, దాని ఇష్టంలోనే నా ఇష్టం ఉందంటాడు. మంచి తండ్రి. అదే రాత్రి విందులో పగవాళ్ళయిన మాంటేగ్‌ల కుర్రాడు రోమియో చొరబడ్డాడని మేనల్లుడు టిబాల్ట్ కత్తి దూయబోతే అడ్డుకుంటాడు. రోమియో మర్యాదస్తుడనీ, గుణవంతుడనీ ఊరంతా చెప్పుకుంటుందనీ అంటాడు. కాబోయే అల్లుడికి మామగారు తెలియకుండానే ఇచ్చిన యోగ్యతా పత్రమది. ఈ పెళ్ళికి అడ్డు అబ్బాయి గుణం కాదు, ఇంటిపేరు.

ఆ రాత్రే కిటికీ దగ్గర మాటలు. అక్కడ జంకినది ఎవరు? జూలియెట్. ఇది మరీ తొందరగా ఉంది, మెరిసిందని అనేలోపు మాయమయ్యే మెరుపులా ఉంది, ఈ రాత్రి ఒప్పందం నాకు సంతోషంగా లేదంటుంది. నీ ఉద్దేశం గౌరవమైనదైతే, పెళ్ళే అయితే, రేపు కబురు పంపు అంటుంది. హార్మోన్లకు ఇంత వివేకం ఉంటుందని నాకు తెలీదు.

సోమవారం. నెమ్మదిగా, తెలివిగా నడవాలి, పరిగెత్తేవాడు తొట్రుపడతాడని హితవు చెప్పే ఫ్రయర్ లారెన్స్ అనే సన్యాసి ఆ హితవు చెప్పిన పూటే పెళ్ళి జరిపించేస్తాడు. పిల్లల మీద జాలితో కూడా కాదు, ఈ పొత్తుతో రెండిళ్ళ పగ ప్రేమగా మారుతుందని ఆశపడి. అంటే ఆ పెళ్ళి ఒక పెద్దాయన రాజీ పథకం, పావులు ఆ పిల్లలు. అదే మధ్యాహ్నం మెర్క్యూషియో, టిబాల్ట్ చచ్చిపోతారు, రోమియోకి దేశబహిష్కారం. అదే రాత్రి, మేనల్లుడి శవం ఇంకా చల్లారకముందే, రెండు వేసవులు ఆగుదామన్న తండ్రి పారిస్‌ని పిలిచి పెళ్ళి మాట ఖాయం చేస్తాడు. ఇవాళ సోమవారమా, బుధవారం మరీ దగ్గర, గురువారం చేద్దాం, ఈ తొందర నీకు ఇష్టమేనా అని అడుగుతాడు కూడా. అడిగింది పారిస్‌ని. పిల్లకు కబురు తర్వాత వెళుతుంది. ఇంట్లో చావు జరిగింది గనక ఓ అరడజను మంది స్నేహితులు చాలు, ఆర్భాటం వద్దంటాడు. మర్నాటికి ఇరవైమంది చెయ్యి తిరిగిన వంటవాళ్ళను పిలిపిస్తున్నాడు!

మంగళవారం. నన్ను చేసుకోబోయేవాడు నన్ను పలకరించకముందే ఈ తొందరేమిటమ్మా అని జూలియెట్ అడుగుతుంది. తండ్రి ఒంటికాలి మీద లేస్తాడు. గురువారం చర్చికి రాకపోతే ఈడ్చుకెళతానంటాడు, వీధిలో అడుక్కుని, ఆకలితో మాడి చావమంటాడు. తప్పించుకునే దారి లేక పిల్ల తల్లి కాళ్ళావేళ్ళా పడుతుంది: ఈ పెళ్ళి ఒక్క నెల ఆపమ్మా, పోనీ ఒక్క వారం. ఈ వాక్యం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. నాటకం మొత్తంలో కొంచెం గడువివ్వమని నోరు విప్పి బతిమాలింది ఈ పిల్ల ఒక్కతే. నీతో నాకు పనిలేదు, ఏమన్నా చేసుకో అని తల్లి వెళ్ళిపోతుంది. ఆ తల్లే అంతకు కాసేపటి ముందు, కూతురికి ఊరట చెబుతున్నాననుకుంటూ, రోమియో వెళ్ళిన మాంటువాలో ఒకడి చేత రోమియోకి విషం పెట్టిస్తానంటుంది. రోమియోకి మాంటువాలో విషం అన్న ఆలోచన ఈ నాటకంలో మొదట పుట్టింది ప్రేమికుడి బుర్రలో కాదు, అత్తగారి నోట. ఈ ఒక్క సంగతి గమనించిన ఉపన్యాసకుడు ఒక్కడైనా ఉన్నాడేమో చూడాలని ఉంది.

అదే సాయంత్రం ఇంకో మలుపు. చచ్చినట్టు పడుకోబెట్టే మత్తుమందు సన్యాసి ఇస్తే దగ్గర పెట్టుకుని జూలియెట్ ఇంటికొచ్చి, బుద్ధి వచ్చింది నాన్నా అని మోకరిల్లుతుంది. ఆ సంబరంలో కాపులెట్ పెళ్ళిని గురువారం నుంచి బుధవారానికి జరుపుతాడు. అన్నీ సర్దుకోవడానికి గురువారం దాకా టైముందని భార్య అన్నా వినడు. సన్యాసి వేసిన లెక్క ప్రకారం పిల్ల మందు తాగాల్సింది బుధవారం రాత్రి. తండ్రి చేసిన ఈ మార్పుతో ఆమె మంగళవారం రాత్రే తాగింది. నలభై రెండు గంటల మత్తు ఒక రోజు ముందే మొదలైంది. ఈ పథకం రోమియోకి చెప్పే ఉత్తరం మాంటువాకు చేరడానికి ఉన్న ఒక రోజు వెసులుబాటు అక్కడ పోయింది. ఇంత చిన్న మెలికలో ఆరు ప్రాణాల కథను బిగించిన నాటకకర్త ఆ మెలికను ఎవరి చేతికిచ్చాడో చూడండి. తొందర పిల్లలదట!

ఉత్తరం చేరకపోవడం విధి కదా అంటారు ఇంకొందరు. నాందిలో నక్షత్రాల మాట ఉన్నమాట నిజమే. ఉత్తరం పట్టుకెళ్ళాల్సిన మరో సన్యాసి అంటురోగం ఉన్న ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో అతన్ని లోపలే ఉంచి తలుపులకు సీలు వేశారు. 1592 నుంచి రెండేళ్ళ పాటు ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలా కాలం మూతబడ్డాయి, కాబట్టి ప్రేక్షకులకు ఆ సీలు వేసిన తలుపు కథ కాదు. మనకూ కాదు, 2020 చూసినవాళ్ళం. కానీ విధికి దారి ఎవరు తీశారు? రోజుల గడువు గంటల్లోకి కుదించాక ప్రతి చిన్న అడ్డూ మృత్యువే అవుతుంది. కాలువకు గండి కొట్టినవాడు వానను తిట్టినట్టుంది.

ఇక ఆకర్షణా ప్రేమా అన్న చర్చ. ఇది ఆకర్షణే అనేవాళ్ళ చేతిలోని పెద్ద ఆయుధం రోజలైన్. ఆదివారం పొద్దున రోజలైన్ కోసం నిట్టూర్చినవాడు రాత్రికి జూలియెట్ కాళ్ళ దగ్గరున్నాడు, రేపు ఇంకోతి, అంటారు. డేవిడ్ గారిక్ పద్దెనిమిదో శతాబ్దంలో నాటకాన్ని సవరిస్తూ రోజలైన్‌ని ఎత్తేశాడు, జూలియెట్ వయసు పద్దెనిమిది చేశాడు. ఆయనకూ ఈ రెండూ మింగుడుపడలేదు. కానీ మాటల తీరు చూడండి. రోజలైన్ రంగం మీదికే రాదు, ఒక్క మాట ఆమెకు లేదు. ఆమె గురించి రోమియో మాట్లాడేదంతా చల్లని నిప్పు, బరువైన తేలిక అంటూ పుస్తకాల్లోంచి ఏరుకొచ్చిన విరోధాభాసలు. ఆ కాలపు కుర్ర కవులందరూ అలాగే ఏడ్చేవారు. షేక్స్పియర్ ఆ ఏడుపును వెక్కిరిస్తున్నాడు. జూలియెట్‌తో మొదటి కలయికలో ఆ కవుల పద్నాలుగు పాదాల పద్యాన్నే ఇద్దరికీ పంచాడు. కొన్ని పాదాలు ఇతను, కొన్ని ఆమె, చివర్లో ప్రాసలు కూడా పంచుకుంటారు. పురుషుడు దూరం నుంచి పొగిడే పద్య రూపంలో స్త్రీ జవాబు చెబుతోంది, వాదిస్తోంది, ఆటపట్టిస్తోంది. ఇక్కణ్ణుంచి రోమియో భాష మారిపోతుంది. ఆకర్షణ అంటే ఏమిటో ఈ నాటకానికి తెలుసు. దాని పేరు రోజలైన్ అని పెట్టి, మొదటి అంకంలోనే పక్కన పెట్టింది.

రోమియో తప్పుల్లేనివాడని నేననను. ఇద్దర్ని చంపాడు. సన్యాసి గదిలో నేల మీద పడి పొర్లి కత్తి తీశాడు. జూలియెట్ పోయిందన్న కబురు వినగానే ఎలా, ఎందుకని ఒక్క ప్రశ్నైనా వెయ్యకుండా విషం కోసం మందులవాడి దగ్గరికి పరిగెత్తాడు. చావును పెళ్ళిపందిరి చేసుకున్న ఆ చివరి రాత్రిని కొలిచే కుర్రకారుతో నాకు పేచీ ఉంది. అందులో గొప్పతనమేమీ లేదు, ఇంకాసేపు ఆగితే ఆమె లేచి కూర్చునేది. కానీ టిబాల్ట్‌ని చంపిన క్షణం చూడండి. పెళ్ళి చేసుకుని వస్తున్నాడు, టిబాల్ట్ తిట్టినా బంధువనే ప్రేమతో పలకరించాడు, కత్తి తియ్యలేదు. స్నేహితులకు అది పిరికితనంగా కనిపించింది. మధ్యలో దూరి ఆపబోతే అతని చెయ్యి కింద నుంచే మెర్క్యూషియోకి కత్తి దిగింది. అప్పుడు, జూలియెట్ అందం నన్ను ఆడంగిని చేసిందని తనను తానే తిట్టుకుని కత్తి దూశాడు. ప్రేమను కాదనుకున్న ఆ ఒక్క నిమిషంలోనే హంతకుడయ్యాడు. ఆ నిమిషంలో అతను ప్రేమికుడు కాదు, పక్కా మాంటేగ్. పారిస్‌నైతే వెళ్ళిపొమ్మని బతిమాలాడు, వినలేదు.

దాదిని గురించి ఎక్కువ చెప్పను, మనసుకు కష్టంగా ఉంటుంది. పాలిచ్చి పెంచింది, రహస్యం మోసింది, చివరికి రోమియో పారిస్ ముందు మసిగుడ్డతో సమానం, ఇతన్ని చేసుకో అని తేల్చేసింది. మొదటి పెళ్ళి చేయించిన చేత్తోనే రెండో పెళ్ళికి తోసింది. సన్యాసి సంగతి ఇంకా అన్యాయం. సమాధి మందిరంలో పిల్ల కళ్ళు తెరిచింది, పక్కన భర్త శవం. బయట కావలివాళ్ళ అలికిడి. రా, నిన్ను సన్యాసినుల మఠంలో చేరుస్తానని ఒకసారి పిలిచి, ఆమె కదలకపోతే తన దారిన తను పారిపోయాడు. ఉన్న ఒక్క పెద్దదిక్కు ఆ నిమిషంలో పారిపోయాడు. ప్రభువు మాత్రం ఇంతకాలం నువ్వు పవిత్రుడివనే ఎరుగుదుం అని వదిలేశాడు.

బ్రూక్ కావ్యంలో ముగింపు శిక్షల జాబితా. మందులవాణ్ణి ఉరితీస్తారు, దాదిని ఊరి నుంచి పంపేస్తారు. రెండు మహా గృహాల పెద్దలకు కన్నీళ్ళు, పేదవాడికి ఉరితాడు. షేక్స్పియర్ ఆ జాబితా చించేసి, కొందరికి క్షమ, కొందరికి శిక్ష అని ప్రభువు చేత ముక్తసరిగా అనిపించి వదిలేశాడు. అంతకన్నా ముఖ్యం, ఆ ప్రభువే తన నేరం ఒప్పుకుంటాడు. మీ గొడవల్ని చూసీ చూడనట్టు ఊరుకున్నందుకు నేనూ ఇద్దరు బంధువుల్ని పోగొట్టుకున్నాను, అందరికీ శిక్ష పడింది అంటాడు. నాటకంలో తీర్పు చెప్పే అధికారం ఉన్నవాడు ఆయనొక్కడే. ఆ తీర్పులో ప్రేమికుల మీద ఒక్క అక్షరం నేరం లేదు. నాలుగు శతాబ్దాల తర్వాత మైకు పట్టుకున్నవాడికి ఎక్కణ్ణుంచి దొరికిందో మరి.

అమర ప్రేమికులని వాళ్ళను నెత్తిన పెట్టుకునే ఎదుటి పక్షం మీద కూడా నాకు ప్రేమేమీ లేదని ఇప్పటికే తెలిసిపోయుంటుంది. వెరోనాలో జూలియెట్ ఇల్లని చూపించే చోట యాత్రికులు ఫొటోలు దిగే ఆ బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో తగిలించినది. నాటకంలో బాల్కనీ అన్న మాటే లేదు, కిటికీ ఉంది. 1936 హాలీవుడ్ సినిమాలో రోమియో వేసిన లెస్లీ హోవర్డ్‌కి నలభై దాటాయి. పిల్లల కథను పెద్దవాళ్ళు వేసుకుంటే అది ఉత్త ప్రేమగీతమైపోతుంది, ఎవరూ బాధ్యులు కారు. 1968లో జెఫిరెల్లీ నిజంగా పసి ముఖాలను తెర మీదికి తెచ్చాక గానీ చాలామందికి గుండెలో పోటు తెలియలేదు. మన దగ్గర 1978లో బాలచందర్ మరోచరిత్ర తీశారు. అబ్బాయి తమిళుడు, అమ్మాయి తెలుగు, ఊరు విశాఖపట్నం. అందులో పెద్దలు ఏడాది పాటు ఒకరినొకరు చూసుకోకూడదని షరతు పెడతారు. ఆ పిల్లలు ఏడాదీ ఆగారు. ఆగినా బతకలేదు. ఓపిక పడితే అంతా సవ్యంగా ఉంటుందని చెప్పేవాళ్ళు ఈ సినిమా మరోసారి చూడాలి.

ఇదంతా నాటకం గురించిన గొడవే అయితే ఇంత కోపం రాకపోను. కులం కాని కుర్రాణ్ణి చేసుకున్నందుకు అల్లుణ్ణి చంపించిన వార్త మన రెండు రాష్ట్రాల్లోనూ వచ్చినప్పుడల్లా దాని కింద మాటలు చదువుతుంటాను. చంపడం తప్పే గానీ, అంటూ మొదలవుతాయి. ఆ 'గానీ' తర్వాత వచ్చేది బ్రూక్ ముందుమాటే: కన్నవాళ్ళ కడుపుకోత తెలియదు, తొందరపడ్డారు, ఆకర్షణ. చనిపోయినవాళ్ళు పదమూడేళ్ళ పిల్లలు కారు, చదువుకుని, ఓటు హక్కు ఉన్నవాళ్ళు. మేజర్లయిన ఇద్దరు పెళ్ళాడటానికి కుటుంబం, కులం, ఊరు ఎవరి సమ్మతీ అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో శక్తివాహిని కేసులో తేల్చి చెప్పింది. అయినా హత్య జరిగిన ఇంటి ముందు నిలబడి చచ్చినవాడి తొందర గురించే మాట్లాడుకుంటాం. ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల ముందు రోమియో జూలియెట్ మీద వేసే జోకుకీ, ఆ మాటలకీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

ఆ రోజు మీటింగయ్యాక మా మనవరాలు గేటు దగ్గర ఎదురుచూస్తోంది. "ఏం చెప్పారు తాతయ్యా?" అంది. తొందరపడొద్దని చెప్పారన్నాను. "మరి ఫౌండేషన్ పేరుతో ఆరో తరగతి నుంచే ఐఐటీ కోచింగులో వేసింది ఎవరట?" అని నవ్వుతూ ఆటో ఎక్కింది.

చివరి రంగంలో సమాధి మందిరం ముందు ఇద్దరు ముసలాళ్ళు నిలబడి ఉంటారు. లోపల ముగ్గురి ఒళ్ళు ఇంకా చల్లబడలేదు. మాంటేగ్ భార్య ఆ రాత్రే పోయింది. కాపులెట్ చెయ్యి చాచి, మా అమ్మాయికి మీ ఇంటి నుంచి రావాల్సిన ఆస్తి ఈ చెయ్యే, ఇంతకు మించి అడగనంటాడు. కూతురి శవం ముందు కూడా ఆయన నోట వచ్చింది పెళ్ళి ఒప్పందాల భాషే. మాంటేగ్ అంతకంటే ఎక్కువ ఇస్తానంటాడు: జూలియెట్‌కి మేలిమి బంగారు విగ్రహం చేయిస్తాను, వెరోనా పేరు నిలిచినంత కాలం దానికి సాటి ఉండదంటాడు. కాపులెట్ తగ్గుతాడా? రోమియోది కూడా అంతే ఘనంగా, ఆమె పక్కనే పెట్టిస్తానంటాడు.